వెనక నడిచే మనిషి

"వెనక నడిచేవాళ్లకి కష్టమేముంది? దారి చూసుకోవాల్సింది నేను కదా" అన్నాడు రెజిస్, కాఫీలో బ్రెడ్డు ముంచుకుంటూ.

ఓడిల్ అప్పటికి పన్నెండో శాండ్‌విచ్‌కి వెన్న రాస్తోంది. ఇంకా ఆరు మిగిలాయి. కష్టం గురించి ఆమె ఏమీ అనలేదు. "ఇంక వెనక నడవడానికి వేరే ఎవరినైనా చూసుకుందామా" అని మాత్రం అంతకు ముందు అంది, అదీ గోడవైపు తిరిగి. అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. అది రెండు రోజులుగా నాలుక చివర ఆడుతోంది. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి ఇలా మొదలుపెట్టింది. ఆయన ఆ మొదటి మాట దగ్గరే తలుపు వేసేశాడు. వేసి, "అయినా నువ్వు కాకపోతే ఇంకెవరొస్తారు, జీతం లేకుండా" అని నవ్వాడు. రెజిస్ నవ్వు బాగుంటుంది. వియ్‌రోక్ ఊళ్లో అందరికీ ఆ నవ్వంటే ఇష్టం. పర్యాటక కార్యాలయం గోడ మీద అతికించిన పోస్టరులో కూడా ఆ నవ్వే ఉంటుంది. "ప్రతి బుధవారం, రెజిస్‌తో రాబందుల దారి" అని పైన పెద్ద అక్షరాలు, కింద చేతికర్ర పట్టుకుని ఆయన.

ఆమె చెప్పాలనుకున్నది పెద్ద కథేం కాదు. ఎడమ తుంటిలో ఎముక చచ్చిపోతోంది. డాక్టరు వాడిన మాటే అది. ఎక్స్‌రే బొమ్మ మీద పెన్నుతో ఒక సున్నా చుట్టి, "ఇక్కడికి రక్తం అందడం ఎప్పుడో మానేసింది మేడం. లోపల్లోపలే చచ్చిపోతూ వచ్చింది. ఇన్నాళ్లూ నొప్పి తెలియలేదా మీకు" అని అడిగాడు. తెలియకేం. సీజను అయ్యాక చూద్దామనుకుంది. సీజను అయ్యాక అత్తగారి కంటి ఆపరేషను వచ్చింది, ఆ తర్వాత పై గదుల్లో పైపులు పగిలాయి, ఆ తర్వాత దారి బాగుచేసే నెలలు వచ్చాయి, ఇంతలో మళ్లీ సీజను. ఇప్పుడు ఎవరో రాలేకపోయినందువల్ల క్లినిక్‌లో ఒక తేదీ ఖాళీ అయింది. ఆగస్టు ఇరవై మూడు, బుధవారం. గురువారం పొద్దున ఫోను చేస్తాం, వస్తారో రారో ఖాయంగా చెప్పాలి అన్నారు. అంటే రేపు. ఇది కాదంటే మళ్లీ ఫిబ్రవరే. ఫిబ్రవరిదాకా ఆగితే ఎలా నడుస్తారో నాకు తెలియదు అని డాక్టరు చేతులెత్తేశాడు.

ఆపరేషను గురించి చెప్పడం కూడా ఆమెకి పెద్ద కష్టం కాదు. చెబితే రెజిస్ ఏమంటాడో తెలుసు. ఆ బుధవారానికి ఇప్పటికే ఇరవై ఆరుమంది పేర్లిచ్చారంటాడు. నాలుగు అతిథి గదుల పక్కలు ఎవరు వేస్తారంటాడు. వాటికి జవాబులు ఆమె దగ్గర ఉన్నాయి. పై పొలం రైతు కూతురు వస్తానంది. ఓడిల్ చెప్పలేకపోతున్నది దాని తర్వాతి మాట. "నాకు భయంగా ఉంది, నాతో రా" అనే మాట. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. అనాల్సిన సందర్భాలు రాక కాదు. కడుపు నిలవని రెండుసార్లూ ఆసుపత్రికి ఒక్కతే బస్సెక్కి వెళ్లింది, రెండుసార్లూ ఇంట్లో అతిథులున్నారు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి. మత్తు ఇస్తారు, తుంటి కోస్తారు, ఎముక తీసేసి ఇనుము పెడతారు. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఎవరో ఒకరు కూర్చుని ఉంటే బాగుండునని ఆమెకి చిన్నపిల్లకి ఉన్నంత ఆశ ఉంది. ఆ ఆశ అంటే ఆమెకే సిగ్గుగా ఉంది.

"రెజిస్, ఒక్క మాట" అంది, ఆఖరి శాండ్‌విచ్ కాగితంలో చుట్టేసి.

"వైను ఎన్ని సీసాలు పెట్టావ్?"

"ఐదు."

"ఆరు పెట్టు. బెల్జియంవాళ్లున్నారు ఈసారి" అంటూ లేచి, కప్పు అక్కడే వదిలేసి స్నానానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం చెబుదాం అనుకుంది. ఏటి ఒడ్డున చిన్న చర్చి దగ్గర అందరూ తిని గడ్డిలో వాలినప్పుడు పక్కకి పిలిచి చెబుదాం. ఈ ఇంట్లో ఆ మాటకి చోటు లేదు గానీ, అంత పెద్ద మైదానంలో ఎక్కడో ఒకచోట ఉండకపోదు.

ఏడింటికి వ్యాన్‌లో తిండిబుట్టలూ సీసాలూ సర్ది, ఏటి దగ్గరికి తోలుకెళ్లి, చర్చి నీడలో పెట్టి తాళం వేసింది. నక్కలు మూతలు తీస్తాయి కాబట్టి తాళం వేయక తప్పదు. వ్యాన్ అక్కడ ఉంటే సాయంత్రం అలసిపోయినవాళ్లని ఎక్కించుకుని ఆమె వెనక్కి తెస్తుంది. అక్కడ్నుంచి ఊళ్లోకి చిన్నదారిన నడిచి ఎక్కి వచ్చింది. ముప్పావుగంట ఎక్కుడు. ఇదివరకు అరగంట పట్టేది. ఎనిమిదిన్నరకి అతిథులకి ఫలహారం పెట్టింది. రెజిస్ వాళ్ల మధ్య కూర్చుని తోడేళ్ల కథ చెబుతుంటే కప్పులు నింపింది. కింది గదిలో అత్తగారు ఎలియాన్‌కి మందులిచ్చింది.

"నువ్వు కుంటుతున్నావేంటి?" అంది ఎలియాన్, మాత్ర మింగి.

ఓడిల్ గ్లాసు కింద పెట్టేసి ఆమె వైపు తిరిగింది. ఎవరో ఒకరు చూశారు.

"తుంటి నొప్పి అత్తయ్యా."

"అతిథుల ముందు అలా నడవకు. ఇల్లంతా ముసలివాళ్లే అనుకుంటారు. ఆ కిటికీ కొంచెం వెయ్."

ఓడిల్ కిటికీ వేసింది. ఎలియాన్ చెడ్డ మనిషి కాదు. నలభై ఏళ్లు గొర్రెల పాలు పితికి, భర్త చేత ఒక్క మంచిమాట అనిపించుకోకుండా బతికిన మనిషి. తనకి దొరకనిది కోడలికి దొరకాలని ఆమెకి ఎందుకనిపిస్తుంది? "మగాడు ముందు నడిచాడని ఏడవకు, మా ఆయన అసలు నడిచేవాడే కాదు" అంటుంది ఎప్పుడూ. "నీకు పిల్లా జెల్లా లేరు, నడవడానికి ఏమొచ్చింది" అని కూడా అంటుంది. రెండోది అన్న రోజున ఓడిల్ వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు కోస్తుంది.

తొమ్మిదిన్నరకి పద్దెనిమిదిమంది ఊరి చర్చి ముందు పోగయ్యారు. రెజిస్ ఫౌంటెన్ గట్టెక్కి ప్రతి బుధవారం చెప్పేదే చెప్పాడు. నీళ్లు తాగండి, రాళ్లు దొర్లించకండి, గేట్లు మూయండి. "ఎవరికైనా అవసరం పడితే పొదల్లోకి వెళ్లండి, సిగ్గేం లేదు. కానీ బ్యాగు మాత్రం దారి పక్కన పెట్టి వెళ్లండి. బ్యాగు ఉందంటే మనిషి ఉన్నట్టు. దారి పక్కన బ్యాగు చూసినవాళ్లు అక్కడ్నుంచి కదలకూడదు, ఆ మనిషి వచ్చేదాకా. ఈ కొండల్లో దీన్ని మించిన చట్టం లేదు. ఇన్నేళ్లలో ఒక్కరిని కూడా పోగొట్టుకోలేదు నేను." అందరూ తలూపారు. "ఇకపోతే, వెనక ఆరెంజి జాకెట్టులో కనిపిస్తున్నది మా ఆవిడ ఓడిల్. మన చీపురు బండి" అన్నాడు. సైకిల్ పందెంలో అందరికన్నా చివర వస్తూ, పడిపోయినవాళ్లని ఊడ్చి ఎక్కించుకునే బండి అది. అందరూ నవ్వి వెనక్కి తిరిగి చూశారు. ఓడిల్ కూడా నవ్వి చెయ్యి ఊపింది. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు ఆమెకి నిజంగానే నవ్వొచ్చింది. ఆ రోజు ఆమెకి ముప్పై నాలుగేళ్లు, ఆయన భుజమ్మీద చెయ్యి వేసి అన్నాడు.

రెజిస్ వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. "పద్దెనిమిది. పదండి."

పెళ్లికి ముందు ఓడిల్ పట్నంలో భూముల సర్వే ఆఫీసులో పటాలు గీసేది. ఈ దారిని ఆమె మొదట చూసింది నేల మీద కాదు, కాగితం మీద. నూట యాభై ఏళ్లనాటి పటంలో, ఊరి నుంచి కొండ అంచు మీదుగా ఏటి చర్చికి దిగే ఒక సన్నటి గీత. దాని మీద గొర్రెలు నడవడం మానేసి, ముళ్లు మూసేసి, ఊరంతా మర్చిపోయింది. పెళ్లయిన మొదటి చలికాలంలో ఆమె పెద్ద కత్తెర పట్టుకుని ఆ గీత వెంట ఒక్కో గజం నరుక్కుంటూ వెళ్లింది. రెజిస్ అప్పుడప్పుడూ వచ్చి సూపు తెచ్చి ఇచ్చేవాడు. చెట్ల మీద, రాళ్ల మీద పసుపు రంగు గుర్తులు ఆమే వేసింది. ఇప్పటికీ ఏటా ఫిబ్రవరిలో చిన్న డబ్బా, బ్రష్షూ పట్టుకుని వెళ్లి మళ్లీ వేస్తుంది. మొదట్లో రెజిస్ "మా ఆవిడ కనిపెట్టింది" అని చెప్పేవాడు. కొన్నేళ్లకి "మేం కనిపెట్టాం" అన్నాడు. ఏ ఏడాది నుంచి "నేను" అయిందో ఆమె గమనించలేదు. వెనక నడిచే మనిషికి ముందు మాట్లాడేది సగమే వినిపిస్తుంది.

ఎక్కుడు మొదలయ్యాక నొప్పి గజ్జల్లోంచి మోకాలిదాకా పాకింది. పళ్ల బిగువున నడిచింది. మంచి ఎండ, పొదల వాసన, కింద లోయలో ఏరు మెరుస్తోంది. ఇదంతా చూడ్డానికి మనుషులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఓడిల్ చూసేది పద్దెనిమిది జతల మడమలు. ఎవరి బూటు లేసు ఊడింది, ఎవరు ఆయాసపడుతున్నారు, ఎవరు నీళ్లు తెచ్చుకోలేదు. వాళ్లందరికీ అటువైపు, గుంపు మొదట్లో, రెజిస్ టోపీ. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే బాగుండు అనుకుంది. చూస్తే ఈ నడక చూస్తాడు. చూస్తే మధ్యాహ్నందాకా ఆగక్కర్లేదు, ఇక్కడే చెప్పేస్తాను. మలుపు తర్వాత మలుపు వచ్చింది. ఆ టోపీ తిరగలేదు.

లిల్ నగరం నుంచి వచ్చిన క్లోతిల్డ్ అనే టీచరు బ్యాగు దారి పక్కన పెట్టి పొదల్లోకి వెళ్లింది. ఓడిల్ ఆ బ్యాగు దగ్గర నిలబడింది. మిగతావాళ్ల మాటలు దూరమై, మలుపు అవతల ఆగిపోయాయి. నిలబడటం నడవటం కన్నా కష్టంగా ఉంది. బరువంతా కుడికాలి మీద వేసి, ఒక రాయి పట్టుకుంది.

"సారీ అండి, నా మూలంగా ఆగిపోయారు" అంది క్లోతిల్డ్, గడ్డిపోచలు దులుపుకుంటూ.

"నా పనే అది. తొందరేం లేదు."

కలిసి పది అడుగులు నడిచాక క్లోతిల్డ్ ఆగి ఆమె వైపు చూసింది. "తుంటి కదూ? మా అమ్మకి ఇలాగే ఉండేది. ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు."

"రెండేళ్లా? మరి మీ ఆయన ఏమంటారు?"

"ఆయనకింకా చెప్పలేదు."

"చెప్పడమేంటండీ. మీతో పది అడుగులు నడిచిన నాకే తెలిసింది కదా." అని, అనకూడనిది అన్నానేమోనని చప్పున నోరు మూసుకుంది. తర్వాత మెల్లగా, "ఇవాళ చెప్పేయండి" అంది.

"ఇవాళే చెబుతాను" అంది ఓడిల్. పైకి అన్నాక అది నిజంగా జరగబోతున్నట్టే అనిపించింది. క్లోతిల్డ్ తన చేతికర్ర ఒకటి ఆమెకిచ్చి, గుంపుని అందుకోవడానికి ముందుకెళ్లింది.

రాబందుల బండ దగ్గర అందరూ కూర్చున్నారు. కింద గాలిలో పెద్ద పక్షులు రెక్కలు కదపకుండా తిరుగుతున్నాయి. రెజిస్ బండ చివర నిలబడి, అవి ఎలా అంతరించిపోయాయో, ఎలా మళ్లీ తెచ్చి వదిలారో చెబుతున్నాడు. అవన్నీ ఓడిల్ పుస్తకాలు తిరగేసి అట్టముక్కల మీద రాసిచ్చినవే. ఇప్పుడు ఆయనకి అట్టలక్కర్లేదు. "రెక్కలు చాపితే నాలుగు మీటర్లు" అన్నాడు. రెండు మీటర్ల అరవై అని ఆమె రాసిచ్చింది. నాలుగేళ్ల కిందట ఒకసారి అందరిలో ఆ తప్పు దిద్దింది. "అరే, చీపురు బండికి మాటలొచ్చాయే" అన్నాడు రెజిస్. చాలాసేపు నవ్వారు. ఆ రాత్రి పక్క మీద, "నలుగురిలో నా పరువు తీశావ్" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పట్నుంచి నాలుగు మీటర్లే. ఇవాళ కూడా అందరూ "అబ్బో" అన్నారు.

అక్కడ్నుంచి ఏటికి దిగుడు. సగం దిగాక, ఒక రాతిమెట్టు మీద ఎడమకాలు మోపగానే తుంటి బిగుసుకుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఆఖరి జత మడమలు మలుపు తిరిగాయి. ఓడిల్ మెడలో విజిల్ ఉంది. ఎవరైనా పడిపోతే ఊదడానికి. పెదవుల దాకా తెచ్చింది. ఊదితే రెజిస్ ఆగి, "ఎవరు? ఎవరికేమైంది?" అని పై నుంచి కింది దాకా అందరినీ లెక్కపెడతాడు. పద్దెనిమిదీ సరిపోతుంది. ఆ తర్వాత? ఆమె విజిల్ వదిలేసింది. ఎంతసేపటికి తెలుసుకుంటాడో చూద్దాం అనుకుంది. అనుకున్నప్పుడు అందులో కొంచెం చిలిపితనం కూడా ఉంది. రెజిస్ కంగారుగా పరిగెత్తుకుంటూ రావడం, "ఏమైంది ఓడిల్" అనడం, అప్పుడు ఆ మాట దానంతటదే బయటికి రావడం, అన్నీ కనిపించాయి. బ్యాగు తీసి దారి పక్కన, ఎవరికైనా తగిలేటట్టు పెట్టింది. కర్ర ఊతంతో ఇరవై అడుగులు పైకి పాకి, కూలిన గొర్రెల దొడ్డి గోడ వెనక నీడలో కూలబడింది. గోడ సందులోంచి కింద దారీ, బ్యాగూ, ఇంకా కింద ఏటి ఒడ్డూ, వ్యానూ కనిపిస్తున్నాయి.

కింద గుంపు చర్చి దగ్గరికి చేరింది. రెజిస్ మళ్లీ వేలు చూపిస్తూ లెక్కపెట్టడం కనిపించింది. బొటనవేలు పైకెత్తాడు. అందరూ సంచులు దించి గడ్డిలో కూర్చున్నారు. ఒకరిద్దరు చెప్పులు విప్పి నీళ్లలోకి దిగారు. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. రెజిస్ వ్యాన్ దగ్గరికి వెళ్లి తలుపు లాగాడు. ఇంకో తలుపు లాగాడు. అప్పుడు మొదటిసారి, ఆ రోజంతటికీ మొదటిసారి, వెనక్కి తిరిగి కొండవైపు చూశాడు.

వస్తున్నాడు. దారి వెంట పైకి, తొందర తొందరగా. ఓడిల్‌కి ఏడుపొచ్చింది. ఇంత పిచ్చిపని ఎందుకు చేశానా అనిపించింది. ఎండలో పాపం మళ్లీ ఎక్కి వస్తున్నాడు. రాగానే క్షమించమని అడగాలి, తర్వాత చెప్పాలి. జుట్టు సరిచేసుకుంది. రెజిస్ బ్యాగు దగ్గరికి వచ్చి ఆగాడు. నడుం మీద చేతులు పెట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. "ఓడిల్" అన్నాడు పొదలవైపు చూస్తూ, పెద్దగా కూడా కాదు. ఆమె నోరు తెరిచింది. ఇంకొక్క క్షణం ఆగుదాం, బ్యాగు దగ్గర ఎలాగూ ఆగుతాడు కదా, ఆగి కూర్చుంటాడు కదా, అప్పుడు పిలుద్దాం అనుకుంది. ఆయన గడియారం చూసుకున్నాడు. వంగి బ్యాగు జిప్పు తీశాడు. తువ్వాలు, మందుల డబ్బా, క్లినిక్ కవరు బయటికి తీసి రాయి మీద పెట్టాడు. తాళాలు దొరికాయి. కాఫీ ఫ్లాస్కు దొరికింది. సీసాల మూత తీసేది వెతికి వెతికి పట్టుకుని జేబులో వేసుకున్నాడు. మిగతావి తిరిగి లోపల పెట్టాడు, కవరు కూడా, దానివైపు చూడకుండానే. బ్యాగు పడిపోకుండా రాయికి ఆనించి నిలబెట్టాడు. ఎంతో శ్రద్ధగా నిలబెట్టాడు. తర్వాత దిగి వెళ్లిపోయాడు.

ఆమె పిలవలేదు. గొంతు లేక కాదు. పిలిస్తే ఆగేవాడే. "ఇక్కడున్నావా, ఏంటి?" అనేవాడే. అయినా పిలవలేకపోయింది. ఇరవై నాలుగేళ్లుగా ఒక ప్రశ్న అడగకుండా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చింది, ఇవాళ పొరపాటున అడిగేసింది, జవాబు వచ్చింది. కింద సీసాల మూతలు తెరుచుకున్నాయి. ఆమె చుట్టిన కాగితాలు ఒక్కొక్కటే విప్పుతున్నారు. గాలి ఇటు తిరిగినప్పుడు నవ్వులు వినిపిస్తున్నాయి. ఓడిల్ ఆ దొడ్డి గోడకి తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. ఎముక లోపల్లోపల చచ్చిపోతుంటే తెలియలేదా అని డాక్టరు అడిగాడు. తెలిసీ నడుస్తూనే ఉంటారండీ మనుషులు అని ఆయనకి చెప్పాల్సింది. నడవటం ఆపితే అప్పుడు తెలిసేది వేరే ఉంటుంది కాబట్టి నడుస్తూ ఉంటారు.

గంట తర్వాత వచ్చింది క్లోతిల్డ్, చేతిలో శాండ్‌విచ్‌తో. బ్యాగు చూసి ఆగింది. అక్కడే గట్టు మీద కూర్చుంది. ఎవరూ లేరు అనుకుంటూనే కూర్చుంది. కాసేపు చూసి ఓడిల్ గోడ పట్టుకుని లేచింది.

"మీరిక్కడున్నారా? మీరు చిన్నదారిన ఇంటికెళ్లిపోయారని చెప్పారే మీ ఆయన. పొద్దుట్నుంచి చిరాగ్గా ఉంది, అప్పుడప్పుడూ అలాగే చేస్తుంది అన్నారు. బ్యాగు వదిలేసి ఎలా వెళ్తారని నాకు అనుమానం వచ్చింది."

"కాలు పట్టేసింది" అంది ఓడిల్.

"చెప్పారా ఆయనకి?"

ఓడిల్ గోడ వదిలి కర్ర అందుకుంది. క్లోతిల్డ్ మళ్లీ అడగలేదు. బ్యాగు తన భుజాన వేసుకుని, ఇంకో చేత్తో ఆమె నడుం పట్టుకుని కిందికి దించింది. వాళ్లు చేరేసరికి రెజిస్ నడిచేవాళ్లని తీసుకుని వెళ్లిపోయాడు. వ్యాన్ నీడలో అలసిపోయిన నలుగురు ఆమె కోసం కూర్చుని ఉన్నారు. తాళాలు సీటు మీద ఉన్నాయి. గడ్డిలో కాగితాలు అక్కడక్కడా ఎగురుతున్నాయి. ఓడిల్ వంగలేక, కర్ర చివరతో గుచ్చి ఒక్కొక్కటే ఏరింది. క్లోతిల్డ్ "వదిలేయండి, నేను తీస్తాను" అంటున్నా ఆమె చేతులు ఆగలేదు.

సాయంత్రం రెజిస్ ఎండకి ఎర్రబడి, హుషారుగా వచ్చాడు. బెల్జియంవాళ్లు వచ్చే ఏడాది ఇంకో పదిమందిని తెస్తామన్నారట. ఓడిల్ బంగాళాదుంపల తొక్క తీస్తోంది. కుర్చీలో కూర్చుని తీస్తోంది. అది కూడా ఆయన గమనించలేదు.

"ఎక్కడికెళ్లావ్ మధ్యాహ్నం? అరగంట ఆకలితో కూర్చోబెట్టావ్ జనాన్ని."

"బ్యాగు చూశావుగా."

"చూశాను. తాళాలు తీసుకున్నాను."

"ఆగలేదేం?"

రెజిస్ ఆమె వైపు వింతగా చూశాడు. అందులో కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదు. "నీ కోసమా?" అన్నాడు. "నీకు దారి తెలుసుగా." టోపీ మేకుకి తగిలించి, "ఏదో ఒక మాటన్నావ్ పొద్దున" అన్నాడు గుర్తొచ్చినట్టు.

"ఏం లేదు. ఆరో సీసా గురించి."

గురువారం తొమ్మిదింటికి ఫోను మోగింది. ఓడిల్ దాన్ని వంటింట్లోకి తెచ్చుకుంది. క్లినిక్ అమ్మాయి గొంతు చాలా లేతగా ఉంది, పొద్దున్నే ఇలాంటి ఫోన్లు ఎన్నో చేసినట్టు గబగబా మాట్లాడుతోంది. ఇరవై మూడో తేదీ వస్తారా అంది. వస్తాను అంది ఓడిల్. పుట్టిన తేదీ, పడని మందులు, ఇదివరకటి ఆపరేషన్లు. అన్నిటికీ జవాబులు చెప్పింది.

"ఏదైనా జరిగితే కబురు చేయాల్సిన మనిషి పేరు చెప్పండి."

ఓడిల్ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మేడం? భర్త ఉన్నారా?"

"ఉన్నారు."

"ఆయన పేరు రాసుకోనా?"

ఓరగా తెరిచిన తలుపులోంచి భోజనాల గది కనిపిస్తోంది. రెజిస్ కొత్తగా వచ్చిన అతిథుల మధ్య నిలబడి రెండు చేతులూ బారలా చాపి రాబందు రెక్కలు ఎంతుంటాయో చూపిస్తున్నాడు. వాళ్లు చెంచాలు గాల్లో ఆపేసి వింటున్నారు. ఎంత సంతోషంగా ఉన్నాడో. ఆయన మీద కోపం వస్తుందేమోనని ఓడిల్ ఎదురుచూసింది. రాలేదు.

"వద్దండి" అంది.

"అక్కడ ఖాళీ వదలకూడదు మేడం. అక్కో, చెల్లెలో, పక్కింటివాళ్లో, ఎవరో ఒకరు."

"ఎవరూ లేరని రాయండి."

అటువైపు మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. "ఒంటరిగా ఉంటారన్నమాట" అంది ఆ అమ్మాయి తనలో తాను, రాసుకుంటూ.

"అవునండి" అంది ఓడిల్. "ఇరవై నాలుగేళ్లుగా."